ఓడ పక్కన ఒక గీత: శామ్యూల్ ప్లిమ్సాల్ కథ

ఓడల ట్రాకింగ్ సైట్లు ఎప్పుడైనా చూశారా ఫ్రెండ్స్? చూడకపోతే ఒకసారి ఓపెన్ చేయండి, టైమ్ ఎలా పోతుందో తెలీదు. మ్యాప్‌లో విశాఖపట్నం దగ్గరికి జూమ్ చేస్తే సముద్రంలో చిన్న చిన్న బాణం గుర్తులు కనిపిస్తాయి. ఒక్కో గుర్తూ ఒక్కో ఓడ. ఏదో ఒక కార్గో షిప్ మీద క్లిక్ చేస్తే దాని జాతకం మొత్తం బయటికొస్తుంది. పేరు, ఏ దేశం జెండా, ఐఎంఓ నంబరు, పొడవు, వెడల్పు, ఇప్పుడు ఏ స్పీడులో పోతోంది, ఏ పోర్టుకి పోతోంది. అదే లిస్టులో మనం పట్టించుకోకుండా స్క్రోల్ చేసేసే అంకె ఒకటి ఉంటుంది. దాని పేరు డ్రాఫ్ట్. ఓడ అడుగు భాగం నీళ్లలోకి ఎన్ని మీటర్లు దిగి ఉందో చెప్పే లెక్క అది.

ఖాళీ ఓడ పైకి తేలుతుంది, సరుకు ఎక్కించే కొద్దీ కిందికి దిగుతుంది. అంటే డ్రాఫ్ట్ చూస్తే ఆ ఓడ ఖాళీగా పోతోందా, నిండుగా పోతోందా అనేది హాస్టల్ రూములో కూర్చునే చెప్పేయొచ్చు. కానీ అసలు ప్రశ్న వేరే ఉంది. ఎంత వరకు దిగొచ్చు? ఎక్కడ ఆగాలి? ఆ హద్దు ఎవరు పెట్టాలి? ఈ ప్రశ్నల కోసం ఒక మనిషి ఇరవై ఏళ్లకి పైగా కొట్లాడాడు. ఆయన నావికుడు కాదు. ఓడలు కట్టే ఇంజనీరు కూడా కాదు. ఒక బొగ్గు వ్యాపారి. పేరు శామ్యూల్ ప్లిమ్సాల్. ఇవాళ దేశాలు దాటి తిరిగే ప్రతి పెద్ద కార్గో షిప్ పక్కనా కనిపించే గుండ్రటి గుర్తుని ఆయన పేరుతోనే పిలుస్తారు.

గుమాస్తా, దివాలా, బొగ్గు

ప్లిమ్సాల్ 1824 ఫిబ్రవరి 10న ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పుట్టాడు. బ్రిస్టల్ పెద్ద రేవు పట్టణమే, కానీ ఆయన చిన్నప్పుడే కుటుంబం అక్కడి నుంచి వెళ్లిపోయింది. కొన్నాళ్లు ఉత్తరాన పెన్రిత్‌లో, ఆ తర్వాత షెఫీల్డ్‌లో ఉన్నారు. తండ్రి ఎక్సైజ్ శాఖలో ఉద్యోగి. శామ్యూల్ చదువు చిన్న వయసులోనే ఆగిపోయింది. షెఫీల్డ్‌లో బీరు తయారుచేసే ఒక కంపెనీలో గుమాస్తాగా చేరి, మెల్లమెల్లగా మేనేజర్ స్థాయికి వచ్చాడు. 1851లో లండన్‌లో గ్రేట్ ఎగ్జిబిషన్ జరిగినప్పుడు షెఫీల్డ్ తరఫున కార్యదర్శి పని చూసింది ఆయనే. డిగ్రీలు లేకపోయినా పని చక్కబెట్టే మనిషి అని అప్పటికే పేరొచ్చింది.

1853లో ఉద్యోగం వదిలేసి, బొగ్గు వ్యాపారం చేద్దామని లండన్ వెళ్లాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే స్టార్టప్ పెట్టాడు. అది ఘోరంగా దెబ్బతింది. చేతిలో ఉన్నదంతా పోయింది. పేద కూలీలు రాత్రికి ఇంత అని ఇచ్చి పడుకునే చవక లాడ్జింగ్ ఇళ్లలో ఉండాల్సి వచ్చింది. వారమంతా ఏడెనిమిది షిల్లింగులతో గడిపిన రోజులవి. అక్కడ ఆయన పక్కన ఉన్నవాళ్లు పని దొరక్క తిరిగే కూలీలు, ఉన్న రొట్టెలోనే పక్కవాడికి ముక్క ఇచ్చేవాళ్లు. పేదవాళ్లు అంటే బద్ధకస్తులు అని ఆ కాలం పెద్దమనుషులు అనుకునేవాళ్లు కదా, ఆ అభిప్రాయం ఆయనకి అక్కడే పోయింది. తర్వాత జీవితంలో ఎంత డబ్బు వచ్చినా ఆ లాడ్జింగ్ ఇంటి మనుషుల్ని ఆయన మర్చిపోలేదు. తన పుస్తకంలో కూడా వాళ్ల గురించి రాశాడు.

తర్వాత దశ తిరిగింది. దక్షిణ యార్క్‌షైర్ బొగ్గుని రైళ్లలో లండన్‌కి తెప్పించే వ్యాపారం ఈసారి నిలబడింది. వ్యాగన్ల నుంచి దించేటప్పుడు బొగ్గు ముక్కలైపోకుండా ఉండే పద్ధతి ఒకటి కనిపెట్టి పేటెంట్ తీసుకున్నాడు. ఎలిజా రెయిల్టన్ అనే ఆమెని పెళ్లి చేసుకున్నాడు. ఈమె పేరు గుర్తు పెట్టుకోండి, కథలో మళ్లీ వస్తుంది. 1865లో డర్బీ నుంచి పార్లమెంటుకి పోటీ చేసి ఓడిపోయాడు. 1868లో మళ్లీ నిలబడి, లిబరల్ పార్టీ సభ్యుడిగా గెలిచాడు.

శవపేటిక ఓడలు

ఆ రోజుల్లో ప్రపంచ సరుకులో పెద్ద భాగం బ్రిటిష్ ఓడల మీదే తిరిగేది. మన దేశం నుంచి పత్తి, జనపనార, ధాన్యం అన్నీ వాటిలోనే వెళ్లేవి. వ్యాపారం పెరుగుతున్న కొద్దీ మునిగిపోయే ఓడలు కూడా పెరుగుతూ పోయాయి. తుఫానులొచ్చి మునిగితే అదొక లెక్క. కానీ చాలా ఓడలు మునగడానికి కారణం తుఫాను ఒక్కటే కాదు. కొన్ని పుచ్చిపోయిన పాత ఓడలు, పైకి రంగేసి పంపేవాళ్లు. కొన్నిటికి సరిపడా నావికులు ఉండేవాళ్లు కాదు. కొన్నిటిలో మోయగలిగిన దానికంటే ఎక్కువ సరుకు కుక్కేవాళ్లు. ఇలాంటి ఓడలకి జనం పెట్టిన పేరు శవపేటిక ఓడలు.

ఎక్కువ సరుకు ఎందుకు అంత ప్రమాదం? ఓడలో నీటి మట్టం నుంచి డెక్కు దాకా ఉండే ఎత్తుని ఫ్రీబోర్డ్ అంటారు. అది ఖాళీ జాగా కాదు, ఓడ దాచిపెట్టుకున్న బలం. పెద్ద కెరటం వచ్చి డెక్కు మీద టన్నుల కొద్దీ నీళ్లు పోసినప్పుడు, ఆ అదనపు బరువుతో కాస్త కిందికి దిగి మళ్లీ పైకి లేవడానికి కావాల్సిన మిగులు అదే. సరుకు ఎక్కువైతే ఆ మిగులు తగ్గిపోతుంది. ఓడ ప్రశాంతమైన రేవులో చక్కగా తేలుతూ కనిపిస్తుంది, సముద్రం రేగినప్పుడు మాత్రం మళ్లీ పైకి లేవదు.

1866 జనవరిలో ఎస్ఎస్ లండన్ అనే ఆవిరి ఓడ మెల్‌బోర్న్‌కి బయలుదేరి బిస్కే అఖాతంలో మునిగిపోయింది. 200 మందికి పైగా చనిపోయారు, బతికింది 19 మంది. ఓడ బరువుతో నీళ్లలో బాగా కిందికి ఉందని, డెక్కు మీద కూడా బొగ్గు వేశారని తర్వాత పెద్ద చర్చ జరిగింది. అది ప్రయాణికుల ఓడ కాబట్టి పేపర్లు రాశాయి. సరుకు ఓడలు మునిగితే అంత చప్పుడు ఉండేది కాదు. నావికుల భార్యలకి, పిల్లలకి తప్ప ఎవరికీ పట్టేది కాదు.

మరి ఓడ యజమానికి నష్టం కదా, ఆయన ఎందుకు జాగ్రత్తపడడు? నాకు ఈ కథలో అన్నిటికంటే చిరాకు తెప్పించిన పాయింట్ ఇదే. ఓడకి ఇన్సూరెన్స్ ఉంటుంది. కొన్నిసార్లు దాని అసలు విలువ కంటే ఎక్కువకే ఉంటుంది. ఓడ చేరితే సరుకు రవాణా లాభం, మునిగితే ఇన్సూరెన్స్ డబ్బు. ఇన్సూరెన్స్ ఇచ్చేవాళ్లకైనా అనుమానం రాదా అంటే, ఒక్కో పాలసీని చాలామంది చిన్న చిన్న వాటాలుగా పంచుకునేవాళ్లు. ఒక్కొక్కరికి పోయేది కొంచెమే. ఆ కొంచెం కోసం కోర్టుకెక్కి యజమానితో తగువు పెట్టుకోవడం కంటే కట్టేసి ఊరుకోవడమే చవక. అంటే సిస్టమ్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ తమ లెక్క ప్రకారం తెలివిగానే ఉన్నారు. మొత్తం కలిపితే మాత్రం మనుషులు చస్తున్నారు.

నావికుడి సంగతి ఇంకా అన్యాయం. ఒకసారి ఒప్పందం మీద సంతకం పెట్టాక, రేవుకి వెళ్లి ఓడ పరిస్థితి చూసి భయపడి ఎక్కనంటే అది నేరం. ఇలా ఎక్కనన్నందుకు వందల మంది నావికులు జైలుకి వెళ్లారు. ఎక్కితే మునిగిపోవచ్చు, ఎక్కకపోతే జైలు. పైగా ఓడ మునిగిన రోజుతోనే వాళ్ల జీతం కూడా ఆగిపోయేది. రిస్క్ తీసుకునేవాడు ఒకడు, లాభం తీసుకునేవాడు ఇంకొకడు. సరుకు ఎంత ఎక్కించాలో నిర్ణయించేవాడు ఆ ఓడలో ఉండడు.

పుస్తకం పెట్టిన మంట

న్యాయంగా చెప్పాలంటే ఈ గీత ఆలోచన ప్లిమ్సాల్‌ది కాదు. మధ్యయుగంలోనే వెనిస్ వాళ్లు ఓడలకి ఇలాంటి గుర్తులు పెట్టేవాళ్లు. ప్లిమ్సాల్ కంటే ముందే న్యూకాజిల్‌కి చెందిన జేమ్స్ హాల్ దీని కోసం ప్రచారం మొదలుపెట్టాడు. విశేషం ఏంటంటే హాల్ స్వయంగా ఓడల యజమాని. అంటే యజమానులందరూ దుర్మార్గులు కాదు. జాగ్రత్తగా నడిపేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ పక్కవాడు ఎక్కువ సరుకు వేసి చవగ్గా మోస్తుంటే, జాగ్రత్తపడేవాడు వ్యాపారం పోగొట్టుకుంటాడు. అందుకే మంచి యజమానికి కూడా చట్టం కావాలి. ప్లిమ్సాల్ ఈ విషయాన్ని హాల్ నుంచి అందుకుని తన సొంత పోరాటంగా మార్చుకున్నాడు. దాంతో హాల్ పేరు మరుగున పడిపోయింది, అది కూడా నిజమే.

మొదట పార్లమెంటులో బిల్లులు పెట్టి చూశాడు. సభలో ఓడల యజమానులు, వాళ్ల స్నేహితులు చాలామంది ఉండేవాళ్లు. బిల్లులు ముందుకి కదల్లేదు. అప్పుడు ఆయన జనం దగ్గరికి వెళ్దామని నిర్ణయించుకున్నాడు. 1873 మొదట్లో మన నావికులు అనే అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకం తెచ్చాడు. అందులో ఉత్తరాలు, ఓడల వివరాలు, ఇన్సూరెన్స్ పత్రాల నకళ్లు పెట్టాడు. ఇప్పుడు మనం డేటా జర్నలిజం అంటాం కదా, దాదాపు అలాంటిదే. ఈ సరుకు ఓడ ఎంత బరువు మోయగలదు, ఎంత ఎక్కించారు, నీటి పైన ఎంత మిగిలింది అనే విషయాల్ని మొదటిసారి మామూలు జనం ముందు పెట్టాడు.

పుస్తకం సంచలనం అయింది. ఊరూరా సభలు పెట్టారు, చందాలు వసూలు చేశారు, పిటిషన్లు రాశారు. అదే ఏడాది ప్రభుత్వం ఈ విషయం మీద రాయల్ కమిషన్ వేసింది. అదే ఏడాది నీళ్లలోకి దిగిన ఒక అందమైన తెరచాప ఓడకి శామ్యూల్ ప్లిమ్సాల్ అని పేరు పెట్టారు. తర్వాత అది ఆస్ట్రేలియాకి వలస వెళ్లేవాళ్లని మోసింది.

ఇందులో ఇంకో కోణం కూడా ఉంది. ప్లిమ్సాల్‌కి ఆవేశం ఎక్కువ. పుస్తకంలో కొన్ని ఆరోపణలకి సరైన ఆధారాలు లేవు. వినికిడి మాటల్ని కూడా రాసేశాడు. యజమానులు పరువునష్టం దావాలు వేశారు. కోర్టు ఖర్చులకి ఆయన సొంత ఆస్తి చాలానే కరిగిపోయింది. కమిషన్ కూడా 1874లో ఇచ్చిన నివేదికలో, ఓడలన్నిటికీ ఒకే రూలుతో గీత పెట్టడం కుదరదని చెప్పింది. వాళ్ల వాదనలో పాయింట్ లేకపోలేదు, దాని దగ్గరికి తర్వాత వద్దాం. 1874లోనే ప్లిమ్సాల్ మళ్లీ బిల్లు పెట్టాడు. కేవలం మూడు ఓట్ల తేడాతో ఓడిపోయింది. అనుకూలంగా 170, వ్యతిరేకంగా 173.

1875 జూలై 22

మూడు ఓట్ల తేడా చూశాక డిజ్రేలీ ప్రభుత్వానికి కూడా భయం పట్టింది. 1875లో ప్రభుత్వమే ఒక బిల్లు తెచ్చింది. అది కాస్త బలహీనంగా ఉన్నా, ఏదో ఒకటి వస్తుందిలే అని ప్లిమ్సాల్ ఓపిక పట్టాడు. కానీ జూలై 22న ప్రధాని డిజ్రేలీ సభలో లేచి, వ్యవసాయ భూముల బిల్లుకి టైమ్ కావాలి కాబట్టి ఈ ఓడల బిల్లుని ఈసారికి వదిలేస్తున్నామని ప్రకటించాడు.

ఈసారికి అంటే వచ్చే ఏడాది దాకా. మధ్యలో చలికాలం ఉంది. ఆ చలికాలంలో అట్లాంటిక్ మీదికి వెళ్లే ఓడల్లో ఉండేవాళ్ల పరిస్థితి ఏంటని ప్లిమ్సాల్ ఆలోచించాడు. ఆయన కంట్రోల్ తప్పాడు. సభ మధ్యలోకి వచ్చి, పిడికిలి బిగించి, సభలోనే కూర్చున్న ఓడల యజమానుల మీద విరుచుకుపడ్డాడు. నావికుల్ని చావుకి పంపే దుర్మార్గులని తిట్టాడు. ప్లిమత్ సభ్యుడైన ఓడల యజమాని ఎడ్వర్డ్ బేట్స్ పేరెత్తి, ఆయన ఓడలు మునిగిపోవడం గురించి ప్రశ్న వేస్తానన్నాడు. ఆ తిట్టు వెనక్కి తీసుకోమని స్పీకర్ ఒకటికి రెండుసార్లు అడిగినా తీసుకోలేదు. చివరికి బయటికి వెళ్లిపోయాడు.

అదే సమయంలో పైన ఆడవాళ్ల గ్యాలరీలో ఎలిజా ఉంది. భర్త తయారుచేసిన నిరసన పత్రం కాపీలని ఆమె అక్కడి నుంచి పేపర్ల వాళ్లకి అందేలా చేసింది. చూడండి, అప్పట్లో ఆడవాళ్లకి ఓటు కూడా లేదు, సభలో జాలీ వెనక కూర్చోవాలి. అయినా ఆ రోజు వార్త బయటికి వెళ్లడంలో ఆమె పని కూడా ఉంది. పుస్తకానికి, ప్రచారానికి కూడా ఆమె ముందు నుంచీ తోడుగా పనిచేసింది.

సభ్యులు ప్లిమ్సాల్‌ని మందలించాలన్నారు, కానీ నిర్ణయాన్ని ఒక వారం వాయిదా వేశారు. ఆ వారం రోజుల్లో దేశం అట్టుడికింది. వారం తర్వాత ప్లిమ్సాల్ సభకి వచ్చి, వాడిన భాషకి క్షమాపణ చెప్పాడు. చెప్పిన విషయాల్ని మాత్రం వెనక్కి తీసుకోలేదు. జనం కోపం చూసి ప్రభుత్వం హడావిడిగా ఒక తాత్కాలిక చట్టం చేసింది. పనికిరాని ఓడల్ని రేవులోనే ఆపేసే అధికారం అధికారులకి వచ్చింది. 1876లో దాని స్థానంలో శాశ్వత చట్టం వచ్చింది. ఓడ పక్కన లోడ్ గీత తప్పనిసరి అయింది.

గీత ఉంది, కానీ ఎక్కడ?

ఇక్కడ సినిమా అయితే శుభం కార్డు పడాలి. కానీ చట్టంలో ఒక పెద్ద బగ్ ఉండిపోయింది. గీత గీయాలి అని చెప్పింది, ఎక్కడ గీయాలో చెప్పలేదు. ఆ నిర్ణయం యజమానికే వదిలేసింది. కోడ్‌లో వేలిడేషన్ ఫంక్షన్ రాసి, లిమిట్ మాత్రం యూజర్‌నే టైప్ చేయమన్నట్టు అన్నమాట. వెటకారంగా ఒక కెప్టెన్ ఆ గీతని ఓడ పొగగొట్టం మీద వేయించాడని ఒక కథ కూడా ప్రచారంలో ఉంది.

అయితే ఎక్కడ గీయాలి అన్నది నిజంగానే కష్టమైన ప్రశ్న. కమిషన్ వాళ్లు చెప్పిన పాయింట్ ఇదే. రెండు ఓడల పొడవు ఒకటే అయినా ఆకారం వేరు, గట్టిదనం వేరు, డెక్కు మీద కట్టడాలు వేరు. ఇంత లోతుకి ఇంత ఎత్తు వదలాలి అనే ఒక్క ఫార్ములా అన్నిటికీ సరిపోదు. దీనికి సమాధానం ఆవేశంతో రాదు, ఓపిగ్గా లెక్కలు వేస్తే వస్తుంది. ఆ పని లాయిడ్స్ రిజిస్టర్ సంస్థలో చీఫ్ సర్వేయర్‌గా ఉన్న బెంజమిన్ మార్టెల్ చేశాడు. రకరకాల ఓడల కొలతలు తీసుకుని, పొడవు, లోతు, ఆకారం బట్టి ఎంత ఫ్రీబోర్డ్ ఉండాలో టేబుల్స్ తయారుచేశాడు. 1882లో అవి బయటికొచ్చాయి. తర్వాత ప్రభుత్వం వేసిన కమిటీ కూడా వాటి బాటలోనే వెళ్లింది. 1890లో కొత్త చట్టం వచ్చింది. ఇకపై గీత ఎక్కడ ఉండాలో యజమాని ఇష్టం కాదు, టేబుల్స్ ప్రకారం అధికారులు చెప్పాలి. 1876లో గెలిచారని చెప్పే పోరాటం నిజంగా గెలిచింది 1890లోనే.

ఈ రెండు పనులూ ఒకదానికొకటి అవసరం అని నాకనిపిస్తుంది. ప్లిమ్సాల్ అరవకపోతే మార్టెల్ టేబుల్స్ ఏదో ఆఫీసు బీరువాలో ఉండిపోయేవి. మార్టెల్ లెక్కలు లేకపోతే ప్లిమ్సాల్ గీత పొగగొట్టం మీదే ఉండిపోయేది. మన ఇంజనీరింగ్ స్టూడెంట్స్‌కి రెండో రకం పని నేర్పిస్తారు, మొదటి రకం పని ఎవరూ నేర్పించరు.

చివరి ఏళ్లు

1880 ఎన్నికల్లో ప్లిమ్సాల్ డర్బీ నుంచి మళ్లీ గెలిచాడు. అదే సమయంలో లిబరల్ ప్రభుత్వంలో హోం మంత్రి అయిన విలియం హార్కోర్ట్ తన సీటు కోల్పోయాడు. మంత్రిగా ఉన్న మనిషి నావికుల కోసం తనకంటే ఎక్కువ చేయగలడన్న నమ్మకంతో ప్లిమ్సాల్ తన సీటుని ఆయనకి వదిలేశాడు. ఆ నమ్మకం నిలబడలేదు. పార్టీ పెద్దలు నావికుల విషయాన్ని పక్కన పెట్టారని తర్వాత వాళ్లతో గొడవపడ్డాడు. 1885లో షెఫీల్డ్ నుంచి పోటీ చేసి ఓడిపోయాడు. మళ్లీ పార్లమెంటులో అడుగు పెట్టలేదు. ఎలిజా 1882లో చనిపోయింది. 1885లో ఆయన హ్యారియట్ వేడ్‌ని పెళ్లి చేసుకున్నాడు.

పదవి లేకపోయినా పని ఆపలేదు. కొన్నాళ్లు నావికుల యూనియన్‌కి అధ్యక్షుడిగా ఉన్నాడు. అట్లాంటిక్ మీద బతికున్న పశువుల్ని ఓడల్లో కుక్కి తెచ్చే పద్ధతి మీద 1890లో ఇంకో పుస్తకం రాశాడు. తుఫానులో డెక్కు మీద కాళ్లు విరిగి పడిపోయే ఎద్దుల బాధని, అలా పైన బరువు పెరిగి ఓడకి వచ్చే ప్రమాదాన్ని రెండింటినీ అందులో చూపించాడు. 1898 జూన్ 3న ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఫోక్‌స్టన్‌లో చనిపోయాడు. సముద్రం పక్క ఊరే. 1929లో నావికుల యూనియన్ వాళ్లు డబ్బు వేసుకుని లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున ఆయన విగ్రహం పెట్టించారు.

ఆయన పేరు ఇంకో విచిత్రమైన చోట కూడా మిగిలింది. రబ్బరు సోలు ఉన్న కాన్వాస్ షూని ఇంగ్లండ్‌లో ప్లిమ్సాల్స్ అంటారు. గుడ్డకీ రబ్బరుకీ మధ్య ఉండే పట్టీ ఓడ మీద గీతలా ఉంటుందని ఆ పేరు. స్కూల్లో డ్రిల్లు పీరియడ్‌కి చాక్‌పీసు రుద్ది తెల్లగా చేసుకున్న షూస్ గుర్తున్నాయా, అవే.

ఇప్పుడు ఆ గుర్తు

1906లో లాయిడ్ జార్జ్ మంత్రిగా ఉన్నప్పుడు బ్రిటిష్ రేవులకి వచ్చే విదేశీ ఓడలకి కూడా ఈ రూలు పెట్టారు. అదే సమయంలో టేబుల్స్ సవరించి ఓడలు ఇంకాస్త ఎక్కువ సరుకు వేసుకోవడానికి అనుమతిచ్చారు. ఆ సవరణ మీద విమర్శలు చాలా వచ్చాయి. అంటే గీతని పైకి జరపాలనే ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. 1930లో అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది, దాని స్థానంలో 1966 ఒప్పందం వచ్చింది. ఇప్పుడు నడుస్తోంది అదే, కొన్ని సవరణలతో.

దాని ప్రకారం ఓడకి రెండు పక్కలా మధ్యలో 300 మిల్లీమీటర్ల వృత్తం ఉంటుంది. దాన్ని అడ్డంగా కోస్తూ 450 మిల్లీమీటర్ల గీత. గీతకి అటూ ఇటూ రెండు అక్షరాలు, ఆ గీత ఎక్కడుండాలో లెక్కకట్టిన సంస్థ ఎవరో చెబుతాయి. మన ఇండియన్ రిజిస్టర్ అయితే ఐ, ఆర్. దాని పక్కన నిచ్చెనలా ఇంకొన్ని చిన్న గీతలు. వేసవి సముద్రానికి ఒకటి, చలికాలానికి దానికంటే కింద ఒకటి, ఉష్ణమండలానికి పైన ఒకటి. వీటన్నిటికంటే పైన మంచినీళ్ల గీతలు. ఎందుకంటే ఉప్పునీటి సాంద్రత 1.025 ఉంటే మంచినీళ్లది 1. హుగ్లీ లాంటి నదిలో సరుకు ఎక్కించుకున్న ఓడ కాస్త ఎక్కువ దిగుతుంది, సముద్రంలోకి రాగానే దానంతట అదే పైకి లేస్తుంది. ఆర్కిమెడీస్ సూత్రాన్ని ఓడ పక్కన పెయింట్‌తో రాసినట్టే. 1930కి ముందు బ్రిటిష్ ఓడల మీద ఇండియన్ సమ్మర్ అనే గీత కూడా ఉండేది, అంటే మన సముద్రాలు ప్రశాంతంగా ఉండే నెలల కోసం ప్రత్యేకంగా ఒకటి.

మన బంగాళాఖాతానికి ఇప్పటికీ క్యాలెండర్ ఉంది. డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా ఓడలు ఉష్ణమండల గీత వరకు సరుకు వేసుకోవచ్చు. మే 1 నుంచి నవంబరు 30 దాకా మాత్రం వేసవి గీత దగ్గర ఆగాలి, అంటే తక్కువ సరుకు. ఆ నెలలు చూస్తే మనకి కారణం వేరే చెప్పక్కర్లేదు. మే తుఫానులు, నైరుతి రుతుపవనాలు, అక్టోబరు, నవంబరు తుఫానులు అన్నీ ఆ మధ్యలోనే వస్తాయి. విశాఖ, కాకినాడ వాళ్లకి హుద్‌హుద్ ఏ నెలలో వచ్చిందో చెప్పాలా?

ఇక ట్రాకింగ్ సైట్ దగ్గరికి వస్తే, అంతర్జాతీయంగా తిరిగే 300 గ్రాస్ టన్నేజీ దాటిన ఓడలన్నీ ఏఐఎస్ పరికరం పెట్టుకోవాలి. ఓడ కదులుతుంటే కొన్ని సెకన్లకోసారి పొజిషన్ పంపుతుంది. పేరు, కొలతలు, డ్రాఫ్ట్ లాంటివి ఆరు నిమిషాలకోసారి పంపుతుంది. ఓడ పేరు మారినా, యజమాని మారినా, జెండా మారినా ఏడంకెల ఐఎంఓ నంబరు మాత్రం మారదు. దానికి మన సబ్జెక్టులో వచ్చే చెక్ డిజిట్ కూడా ఉంది. ఉదాహరణకి 9074729 తీసుకోండి. మొదటి ఆరంకెల్ని వరసగా 7, 6, 5, 4, 3, 2 తో గుణించి కూడితే 139. చివరి అంకె 9, నంబరులో చివరి అంకె కూడా 9. సరిపోయింది.

డ్రాఫ్ట్‌కి ఆ మెసేజ్‌లో ఇచ్చిన చోటు 8 బిట్లు. మీటరులో పదో వంతు చొప్పున లెక్క, కాబట్టి 25.5 దాకా వస్తుంది. సున్నా ఉంటే సమాచారం లేదని అర్థం. ముఖ్యమైన విషయం ఏంటంటే పొజిషన్ శాటిలైట్ నుంచి తనంతట తాను వస్తుంది, డ్రాఫ్ట్ అలా రాదు. ఓడలో ఒక ఆఫీసరు చేత్తో టైప్ చేయాలి. పాత అంకె మార్చడం మర్చిపోవచ్చు, తప్పు కొట్టొచ్చు, కావాలనే తప్పు పెట్టొచ్చు. ఓడ పక్కన గీత అలా కాదు. వెల్డింగ్ చేసి రంగేసిన గుర్తు అది. నీళ్లు దాని కింద ఉన్నాయా, పైన ఉన్నాయా అన్నది పాస్‌వర్డ్ లేకుండా, లాగిన్ లేకుండా, రేవులో నిలబడ్డ కూలీకి కూడా కనిపిస్తుంది. సర్టిఫికెట్ ఓడ లోపల ఉంటుంది, గీత మాత్రం అందరి ముందూ ఉంటుంది. ప్లిమ్సాల్ సాధించిన దాంట్లో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే. ఓడ ఎక్కే మనిషి, ఎక్కడానికి ముందే తన ప్రాణం గురించిన లెక్కని తన కళ్లతో చూసుకోగలగడం.

ఎప్పుడైనా పోర్టులో ఓడని దగ్గరగా చూసే ఛాన్స్ వస్తే ముందు సెల్ఫీ తీసుకోండి, తప్పులేదు. ఆ తర్వాత ఓడ పక్కన మధ్య భాగంలో, నీళ్లకి కాస్త పైన, ఆ గుండ్రటి గుర్తు ఎక్కడుందో వెతకండి. అది నీళ్ల పైనే ఉంటే లోపల పనిచేసేవాళ్లు ఇంటికి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ అన్నమాట.